గడప దాటే పాట కావాలి

2020 మార్చి 4న హైదరాబాద్ మాదాపూర్‌లోని మైండ్‌స్పేస్ ఐటీ పార్కులో ఒక ఉద్యోగికి కరోనా సోకిందన్న అనుమానం రాగానే ఆఫీసులు ఖాళీ అయ్యాయి. వేలమంది ల్యాప్‌టాప్‌లు సర్దుకుని ఇంటిదారి పట్టారు. ఆ ఉద్యోగికి వైరస్ లేదని తర్వాత పుణె పరీక్షలో తేలింది. భయం మాత్రం పోలేదు. మూడు వారాలు తిరిగేసరికి దేశమంతా తలుపులు మూసుకుంది.

అప్పుడు తెలుగు పాట తన బాధ్యత మరవలేదు. చేయీ చేయీ కలపొద్దని చేతులెత్తి మొక్కుతూ హైదరాబాద్ బ్యాండ్ చౌరస్తా పాడింది. కోటి స్వరపరిచిన పాటలో చిరంజీవి, నాగార్జున గొంతు కలిపారు. కీరవాణి 'స్టూడెంట్ నెం.1' (2001)లో కాలేజీ మిత్రుల వీడ్కోలు కోసం తాను కట్టిన బాణీకే కరోనా జాగ్రత్తలు కూర్చి పాడారు. బయటికి రావద్దని చెప్పిన ఆ పాటలన్నీ ఎదుటి మనిషి ప్రాణం కోరినవే. దూరంగా ఉండమన్నది ప్రేమతోనే.

ఆ గండం గడిచింది. కానీ ఐటీ కారిడార్‌లో మనిషికీ మనిషికీ మధ్య దూరం తగ్గలేదు. రాయదుర్గం వెళ్లే మెట్రోలో ఉదయం తొమ్మిదింటికి భుజాలు రాసుకుంటూ నిలబడతారు. ఎవరి చెవిలో పాట వారిదే. కొండాపూర్ పీజీ హాస్టల్లో పక్క మంచం మీది కుర్రాడి ఊరేదో తెలియకుండానే నెలలు గడిచిపోతాయి. ఉద్యోగం ఊడుతుందేమోనన్న దిగులు ఇద్దరిదీ ఒకటే. ఆ మాట ఒకరితో ఒకరు అనుకోరు.

ఈ ఒంటరితనాన్ని పాడటం తప్పు కాదు. 'చక్రం' (2005) సినిమాలోని సిరివెన్నెల పాటలో ఏకాకి లోకాన్ని చూసి జడుసుకోడు, దాన్ని తన కుటుంబమనుకుంటాడు. బతుకమ్మ పాటల్లో పుట్టింటికి దూరమైన ఆడపిల్ల బెంగ ఉంటుంది, అత్తింటి భయమూ ఉంటుంది. కానీ ఒకరు ఎత్తుకుంటే పదిమంది వంత పాడతారు. చప్పట్లు చరుస్తూ చుట్టూ తిరుగుతారు. ఆమె దుఃఖం ఆమె ఒక్కదానిదే కాదని వలయంలోని ప్రతి ఆడదానికీ తెలుస్తుంది. మన జానపదం భయానికి కనిపెట్టిన మందు ఇదే. ఆ వంత ఇవాళ హైటెక్ సిటీ పాటకు కరువైంది.

కవులకు, ముఖ్యంగా ఈ కారిడార్‌లోనే పనిచేస్తూ రాత్రిళ్లు రాసుకునే యువకవులకు మా విన్నపం ఒక్కటే. మీ గది గురించి, నైట్‌షిఫ్ట్ గురించి, లేఆఫ్ భయం గురించి దాచుకోకుండా రాయండి. అయితే పక్కవాడు అందుకోగలిగే పల్లవితో రాయండి. రాసింది ముందు మీ పక్క మంచం కుర్రాడికి పాడి వినిపించండి. ఆ తర్వాత మాకు పంపండి.