జారడం వేరు, పడిపోవడం వేరు

'గ్లిసాడ్' అనేది ఫ్రెంచి మాట. జారడం అని అర్థం. పర్వతారోహకులు మంచువాలు మీద కూర్చునో, నిలబడో జారుతూ దిగుతారు. చేతిలోని మంచుగొడ్డలే బ్రేకు. బూట్లకున్న ఇనుప ముళ్లు ముందే విప్పేస్తారు. అవి మంచులో తగులుకుంటే కాలు విరుగుతాది. బాలే నాట్యంలో పాదాన్ని నేలకి రాస్తూ వేసే అడుగుకీ ఇదే పేరు.

మన థింసాలోనూ అదుపే ముఖ్యం. చేతులు వెనక కలుపుకొని ఆడినప్పుడు ఒకరు తూలితే వరసంతా తూలుతాది.

2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ గురుకులంలో చదివిన గిరిజన బాలికే. అప్పటికి 14 ఏళ్లు నిండలేదు. ఎక్కితే సరా, దిగాలి కదా!

అంచేత వార్డెను గారికి నా మనవి: థింసాని వార్షికోత్సవానికే దాచకండి. రోజూ ఆటల పీరియడ్లో ఆడనివ్వండి. కాలికి అదుపు అక్కడే వస్తాది.