పది లక్షలకు బీఎండబ్ల్యూ వస్తుంది.. నిలబెట్టుకోగలమా?

మౌలాలి హౌసింగ్ బోర్డు కాలనీలో మా వీధి వెడల్పు ఎంతంటే, ఒక ఆటో వస్తుంటే ఇంకో ఆటో ఆగాలి. 2022 అక్టోబర్‌లో ఒక ఆదివారం ఆ వీధిలోకి తెల్లటి బీఎండబ్ల్యూ 3 సిరీస్ వచ్చి ఆగింది. దిగినవాడు నా ఇంజినీరింగ్ క్లాస్‌మేట్. వాళ్ల అమ్మ నిమ్మకాయలు తొక్కించింది, పక్కింటి పిల్లలు ఫొటోలు దిగారు. నేనూ దిగాను. 2013 మోడల్ 320డి, ధర పదకొండున్నర లక్షలు. 'కొత్త క్రెటా కొనే డబ్బులకే బీఎండబ్ల్యూ మామా!' అన్నాడు. నిజమే. క్రెటా కంటే తక్కువే.

ఎనిమిది నెలలు తిరక్కుండానే ఆ కారు ఆ వీధిలోంచి వెళ్లిపోయింది. కారు పోవడం పెద్ద విషయం కాదు. దానితోపాటు వాడి చేతికి అందబోయిన ఒక మంచి ఉద్యోగం కూడా పోయింది. ఉద్యోగాల వేటలో ఉన్న మీకు కార్ల గురించి రాయడానికి కారణం అదే.

మొదట ఒక మాట ఒప్పుకోవాలి. నేను మెకానికల్ ఇంజినీర్ని, ఈ కార్లంటే నాకూ పిచ్చే. 3 సిరీస్, మెర్సిడెస్ సి-క్లాస్, ఆడీ ఎ4.. ఈ మూడింటినీ లోగో కోసమే కొంటారనడం అన్యాయం. 1975 నుంచి వస్తున్న 3 సిరీస్‌నే తీసుకోండి. ఇంజిన్‌ని నిలువుగా, వెనక్కి జరిపి కూర్చోబెడతారు. శక్తి వెనక చక్రాలకు వెళ్తుంది. బరువు ముందూ వెనకా దాదాపు సగం సగం పంచుతారు. అందుకే మలుపులో స్టీరింగ్ తిప్పితే కారు మన చెయ్యి పట్టుకుని వచ్చినట్టు వస్తుంది. ఓఆర్ఆర్ మీద ఒక్కసారి నడిపితే ఎందుకింత మోజో అర్థమవుతుంది. ఆ మోజు తప్పు కాదు. దాని ఖరీదు ఎప్పుడు, ఎలా కడుతున్నామన్నదే ప్రశ్న.

కొత్తదైతే లెక్క ఒక్క నిమిషంలో తేలిపోతుంది

కొత్త 3 సిరీస్ గానీ సి-క్లాస్ గానీ ఎక్స్-షోరూం ధరే 60 లక్షల చుట్టూ ఉంటుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి పెద్ద కార్లపై జీఎస్టీ 40 శాతం అయింది. అంతకుముందు సెస్సుతో కలిపి 45 నుంచి 50 శాతం దాకా ఉండేది కాబట్టి కాస్త తగ్గినట్టే. కానీ తెలంగాణలో ఈ స్థాయి కారుకు లైఫ్ ట్యాక్సే ధరలో దాదాపు ఐదో వంతు. ఇన్సూరెన్సు కూడా కలిస్తే ఆన్‌రోడ్ 70 లక్షలు దాటుతుంది. అందులో 50 లక్షలు 9 శాతం వడ్డీకి ఏడేళ్ల లోన్ తీసుకుంటే నెలకు ఈఎంఐ 80 వేల పైన. మూడున్నర లక్షల ప్యాకేజీతో చేరే ఫ్రెషర్‌కి చేతికొచ్చేది నెలకు పాతిక వేలు. ఇక దీని గురించి చర్చ అక్కర్లేదు.

ఇంకో సంగతి. కారు విలువ ఎలా పడిపోతుందో ఇన్సూరెన్స్ వాళ్ల పట్టికే చెబుతుంది. ఏడాది దాటగానే 20 శాతం, మూడేళ్లు దాటితే 40, నాలుగు దాటితే 50 శాతం తరుగు. అంటే ఐదో ఏడు నడుస్తుండగానే కారు విలువ కాగితం మీద సగం. జర్మన్ లగ్జరీ సెడాన్లకు మార్కెట్లో కూడా దాదాపు ఇదే గతి. మొదటి యజమాని ఆ నష్టం భరిస్తాడు, రెండో యజమానికి అది లాభం. అందుకే 'కొత్తదా, పాతదా?' అని ఎవరైనా అడిగితే నా ఓటు మూడు నుంచి ఐదేళ్ల పాతదానికే. ఇక్కడివరకూ నా ఫ్రెండ్ లెక్క కరెక్టే. తప్పింది ఎక్కడంటే..

ధర తగ్గుతుంది, ఖర్చు తగ్గదు

పదేళ్ల పాత 50 లక్షల కారు పది లక్షలకు రావచ్చు. కానీ దాని బ్రేక్ డిస్కులకూ, సస్పెన్షన్‌కీ, టైర్లకూ ఆ సంగతి తెలియదు. అవి ఇప్పటికీ 50 లక్షల కారు స్పేర్ పార్టులే. మామూలు కారుకు పంక్చర్ పడితే రోడ్డు పక్క షాపులో పని అయిపోతుంది. 3 సిరీస్‌లో ఎక్కువ వాటికి రన్‌ఫ్లాట్ టైర్లు ఉంటాయి. గాలి పోయినా కొంత దూరం నడుస్తాయి, మంచిదే. కానీ నాలుగూ మార్చాలంటే 60 వేల పైమాటే. ఉప్పల్ నుంచి నారపల్లి ఎలివేటెడ్ కారిడార్ పనులు 2018 నుంచి సాగుతూ వచ్చాయి. ఆ కింద గుంతల్లో రోజూ తిరిగినవాళ్లను అడగండి, తక్కువ ఎత్తు కారుకు ఏమవుతుందో వాళ్లే చెబుతారు.

నా ఫ్రెండ్ నెల లెక్క ఇదిగో. మూడున్నర లక్షలు డౌన్ పేమెంట్. ఎనిమిది లక్షల లోన్, పాత కారు కాబట్టి 13 శాతం వడ్డీ, ఐదేళ్లు. ఈఎంఐ 18,200. మౌలాలి నుంచి హైటెక్ సిటీ, రానూపోనూ 50 కిలోమీటర్లు. ట్రాఫిక్‌లో లీటరుకు పన్నెండు వచ్చినా డీజిల్‌కి నెలకు తొమ్మిది వేల దాకా. ఇన్సూరెన్సు ఏడాదికి 40 వేలు, అంటే నెలకు 3,300. సర్వీసుకూ రిపేర్లకూ ఏడాదికి లక్ష అనుకుంటే నెలకు 8,300. మొత్తం దాదాపు 39 వేలు. అప్పటికి వాడి చేతికొచ్చే జీతం 68 వేలు. సగానికి పైగా కారుకే! హబ్సిగూడ వెళ్లి మెట్రో ఎక్కితే రాయదుర్గం దాకా రైలు మారే పని కూడా లేదు. అది వాడికీ తెలుసు.

కొన్న నాలుగో నెలలో పొద్దున్నే స్టార్ట్ చేస్తే గరగరమని చప్పుడు. నాచారంలో మాకు తెలిసిన మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాం. బోనెట్ ఎత్తి ఒక్క నిమిషం విని, తల ఊపాడు. 'తమ్మీ, ఇది చైన్ సప్పుడు. ఈ ఇంజిన్ల చైన్ వెనక ఉంటది, గేర్‌బాక్స్ దిక్కు. మొత్తం దించాలె. లచ్చన్నర పైమాటనే. కొనేముందు ఒక్కసారి నాకు సూపియ్యకపోతిరి!'

ఆయన చెప్పింది నూరుపాళ్లు నిజం. ఆ తరం 320డిలో ఉన్న ఎన్47 డీజిల్ ఇంజిన్‌కి టైమింగ్ చైన్ వెనక భాగంలో ఉంటుంది. అది ముందే అరిగిపోవడం ప్రపంచమంతా తెలిసిన సమస్య. ఇంటర్నెట్‌లో అరగంట చదివితే దొరికేది. ఇద్దరం ఇంజినీర్లమే. వాడు చదవలేదు, ఫొటో దిగే హడావిడిలో నేనూ అడగలేదు.

ఈఎంఐ ఎవరి చేతిలో ఉందో చూసుకోండి

2023 మార్చిలో వాడి కంపెనీ టీమ్ మొత్తాన్ని తీసేసింది. ఆ ఏడాది ఐటీలో అలాంటి వార్తలు రోజూ చదివాం కదా. వాడు పనిమంతుడు, నెలలోపే రెండు చోట్ల ఇంటర్వ్యూలు మొదలయ్యాయి. ఒకటి మంచి ప్రొడక్ట్ కంపెనీ, రెండు రౌండ్లు అయ్యాయి, ఇంకో మూడు వారాలు ఆగమన్నారు. రెండోది పాత జీతం కంటే పాతిక శాతం తక్కువకి, వెంటనే చేరమంది. ఐదో తారీఖున ఈఎంఐ. అకౌంట్లో ఉన్న డబ్బులు చైన్ మింగేసింది. వాడు రెండోదానిలో చేరిపోయాడు. మూడు వారాల తర్వాత మొదటి కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. అప్పటికే ఇక్కడ అగ్రిమెంట్ మీద సంతకం అయిపోయింది.

జూన్‌లో కారు అమ్మేశాడు. ఏడుంపావు లక్షలు వచ్చాయి, లోన్ తీర్చడానికి బొటాబొటిగా సరిపోయాయి. డౌన్ పేమెంట్, రిపేరు డబ్బులు, ఎనిమిది ఈఎంఐలు అన్నీ గాలికి. 'కారు పోయినందుకు బాధ లేదు మామా, మూడు వారాలు ఆగలేకపోయాను చూడు, అదీ బాధ' అన్నాడు.

నేను చెప్పదలచుకున్నది ఇదే. కెరీర్ మొదట్లో మన దగ్గర ఉండే అసలైన ఆస్తి 'వద్దు' అనగలిగే స్వేచ్ఛ. తక్కువ జీతానికి వద్దు, నచ్చని ప్రాజెక్టుకి వద్దు, రెండేళ్ల బాండ్‌కి వద్దు. కొత్త టెక్నాలజీ నేర్చుకోవడానికి మూడు నెలలు ఖాళీగా ఉండగలగడం కూడా అందులో భాగమే. పెద్ద ఈఎంఐ ముందుగా తినేసేది ఆ స్వేచ్ఛనే.

'ఎంజాయ్ చేసే వయసు ఇదే కదా, నలభై ఏళ్లకు కొంటే ఏం లాభం?' అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. పెళ్లి సంబంధాల దగ్గర కూడా ఇంటి ముందు ఏ కారుందో చూసే రోజులివి. అందుకే జన్మలో కొనొద్దని నేను అనడం లేదు. మూడు షరతులు పెట్టుకోండి అంటున్నా. ఆరు నెలల ఇంటి ఖర్చులు బ్యాంకులో ఉండాలి. కారు ధర కాకుండా రిపేర్ల కోసం రెండు లక్షలు విడిగా ఉండాలి. ఈఎంఐ, ఇంధనం, ఇన్సూరెన్సు అన్నీ కలిపి జీతంలో ఆరో వంతు దాటకూడదు. ఈ మూడూ కుదిరిన రోజు, నాకూ ఒక ఫొటో పంపండి.

ఆ రోజు వచ్చాక చూడాల్సినవి

సర్వీస్ రికార్డు లేని కారు ఎంత చవకైనా వదిలేయండి. ఓడోమీటర్ వెనక్కి తిప్పడం ఇక్కడ మామూలే. చాలా జర్మన్ కార్లలో తిరిగిన కిలోమీటర్లు ఒక్క మీటర్‌లోనే కాక వేరే కంట్రోల్ యూనిట్లలో కూడా నమోదవుతాయి. స్కానర్ ఉన్న మెకానిక్‌తో చూపిస్తే తేడా బయటపడుతుంది. ఆయనకిచ్చే రెండు మూడు వేలు దండగ కాదు.

ఢిల్లీ కారు చవగ్గా వస్తోందంటే ఎందుకో ఆలోచించండి. పదేళ్లు దాటిన డీజిల్ కార్లపై అక్కడ ఏళ్లుగా ఆంక్షల భయం ఉంది, అందుకే అవి దక్షిణాదికి వస్తుంటాయి. ఇక్కడ రిజిస్టర్ చేయించాలంటే అక్కడి ఎన్‌ఓసీ కావాలి, మళ్లీ మన రాష్ట్రంలో లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఆ లెక్క ఉప్పల్ ఆర్టీఏ ఆఫీసుకు వెళ్లి ముందే కనుక్కోండి.

వరదలో మునిగిన కారేమో చూడండి. 2020 అక్టోబర్ వానలకు ఉప్పల్, రామంతాపూర్, హబ్సిగూడ కాలనీల్లో ఎన్ని కార్లు నీళ్లలో నిలబడ్డాయో మనకు తెలుసు. సీటు బెల్టు చివరిదాకా లాగి బురద మరక ఉందేమో చూడండి. కార్పెట్ ఎత్తి వాసన చూడండి. ఎంపరివాహన్ యాప్‌లో ఆర్‌సీ వివరాలు, లోన్ బాకీ ఉందో లేదో చూసుకోండి. చలాన్లు కూడా చూడండి. ఫారం 29, 30 సంతకాలయ్యి, బండి మీ పేరు మీదికి మారేదాకా పని పూర్తయినట్టు కాదు.

అన్నిటికంటే ముందు ఇంకో దారి కూడా చూడండి. ఫోక్స్‌వ్యాగన్ వర్టస్, స్కోడా స్లావియాల్లోని 1.5 లీటర్ టర్బో పెట్రోల్ ఇంజిన్ 150 హార్స్‌పవర్ ఇస్తుంది. పాత 320డిలో ఉన్నది 184. ఈ తేడా తార్నాక సిగ్నల్ దగ్గర ఎవరికీ తెలియదు. లోగో తేడా మాత్రం తెలుస్తుంది, ఒప్పుకుంటా.

చివరగా ఒక విషయం. నా ఫ్రెండ్ కారులోని 8-స్పీడ్ గేర్‌బాక్స్ జడ్‌ఎఫ్ అనే జర్మన్ కంపెనీది. ఆ కంపెనీ 2017లో మన హైదరాబాద్‌లోనే టెక్నాలజీ సెంటర్ పెట్టింది. హ్యుందాయ్ ఇంజినీరింగ్ సెంటర్ 2006 నుంచీ ఇక్కడే ఉంది. ఇలాంటి చోట్ల ఎంబెడెడ్ సి, క్యాన్ ప్రోటోకాల్, సిమ్యులింక్ తెలిసినవాళ్లకు పని ఉంటుంది. కార్లంటే నిజంగా పిచ్చి ఉంటే దాన్ని ముందు రెజ్యూమెలో పెట్టండి. పార్కింగ్‌లోకి తర్వాత వస్తుంది.

నా ఫ్రెండ్ ఇప్పుడు మెట్రోలోనే వెళ్తున్నాడు. పోయినేడాది వేరే కంపెనీకి మారాడు. ఈసారి ఆఫర్ లెటర్ వచ్చాక రెండు వారాలు ఆగి, జీతం మాట్లాడుకుని మరీ చేరాడు. ఆ రెండు వారాలూ వాడి మీద ఏ ఐదో తారీఖూ లేదు.