మెరిసేదంతా మైనం కాదు

సావనీర్‌కు వ్యాసం ఇవ్వమంటే మనవాళ్ళు ఎంచుకునే విషయాలు అందరికీ తెలిసినవే. యువత కర్తవ్యం, విద్యావిధానంలో రావలసిన మార్పులు, సైన్సు–సమాజం. వాటి మీద ఈ పుటల్లోనే నాకంటే బాగా రాయగల మిత్రులున్నారు. నేను కారు పాలిష్ గురించి రాస్తాను. నవ్వేవాళ్ళు నవ్వవచ్చు. కానీ మన కళాశాల స్టాండులో బండి పెట్టే విద్యార్థులూ, లెక్చరరు గార్లూ రోజూ పొద్దున చేసే ఒక పని మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. అది పొడిగుడ్డతో బండి తుడవడం. దాని తరువాత నా అభ్యంతరం, నెలకొకసారి పాలిష్ కొట్టించడం మీద.

మాది మఠంపల్లి మండలం. సాగర్ ఎడమకాల్వ కింద వరి. కాల్వ చివరి భూములున్నవాళ్ళకు నేను వేరే చెప్పనక్కరలేదు. నీళ్ళు వచ్చిన ఏడు పంట, రాని ఏడు ఎదురుచూపు. అందుకే మా అన్న నాలుగేళ్ళ కింద అప్పుచేసి సెకండ్ హ్యాండు కారు ఒకటి కొని కిరాయికి తిప్పుతున్నాడు. కోదాడ, మిర్యాలగూడ ఆస్పత్రులకు పోయే రోగులు, పెళ్ళిళ్ళు, మట్టపల్లి నరసింహస్వామి దర్శనానికి వచ్చేవాళ్ళు – ఇవీ బేరాలు. పొలం గింజ రాల్చని ఏడు ఇల్లు నడిపింది ఆ కారే. కిస్తీలు తీరాక దాన్ని అమ్మి కొంచెం పెద్ద బండి కొనాలని అన్న ఆలోచన. కొనవచ్చినవాడు ఇంజను చప్పుడు వినకముందే చూసేది రంగు. ఆ రంగుపొర మా ఇంట్లో అరెకరం పొలం లాంటిదే. నా బీఎస్సీ కెమిస్ట్రీని నేను మొదట ఉపయోగించింది దాని మీదనే.

మన వైపు డబ్బాలో ఏమున్నా సరే దాని పేరు పాలిష్. షాపువాడూ అదే అంటాడు, వాషింగు సెంటరువాడూ అదే అంటాడు. చిక్కంతా అక్కడే ఉంది. అసలు పాలిష్ అంటే తీసేది. మైనం, అంటే వాక్స్, పెట్టేది. పాలిష్‌లో అల్యూమినా, సిలికా వంటి మెత్తటి రాపిడి పొడి ఉంటుంది. బండి మీద గీత ఉందనుకోండి. పాలిష్ చేసే పని ఆ గీత చుట్టూ ఉన్న రంగును గీత అడుగుదాకా అరగదీయడం. వడ్రంగి చిత్రిక పట్టడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. కర్ర నునుపవుతుంది, కానీ కర్ర తగ్గుతుంది. మైనం దేన్నీ తగ్గించదు. పైన పలుచగా పరుచుకుంటుంది, చిన్నగీతలను పూడ్చి కొంత దాస్తుంది, వానలకూ కడుగుళ్ళకూ క్రమంగా పోతుంది. పోతే మళ్ళీ పెట్టుకుంటాం. అరిగిపోయిన రంగును మళ్ళీ పెట్టాలంటే మాత్రం పెయింటింగు షెడ్డుకే పోవాలి.

మరి మన పెద్దవాళ్ళు పాలిష్ చేయలేదా అంటే, చేశారు. వాళ్ళు చేసినదాంట్లో తప్పేమీ లేదు. 1920లలో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ డ్యూకో అనే కారు రంగు తెచ్చింది. ఆ కంపెనీ పేరు ఎరగనివాళ్ళు కూడా మన షెడ్లలో ఇప్పటికీ ‘డూకో పెయింటింగు’ అనే అంటారు. ఆ కాలం రంగుల మీద వేరే పైపొర ఉండేది కాదు. 2014 దాకా తయారైన మన అంబాసిడరునే తీసుకోండి. దాని పాత బండ్ల రంగు ఎండకు చచ్చి, సున్నం గోడ రాలినట్టు పొడి అయ్యేది. పాలిష్ పెట్టి రుద్దితే ఆ చచ్చిన రంగు గుడ్డకు అంటుకొని, అడుగున బతికున్న రంగు బయటపడేది. గుడ్డకు రంగు అంటితేనే పని జరిగినట్టు లెక్క. ఈనాటి బండ్లలో ఎక్కువ భాగానికి రంగు మీద, రంగులేని లాకరు పొర మరొకటి ఉంటుంది. మెరుపు దానిదే, ఎండనుంచి అసలు రంగును కాపాడేదీ అదే. దాని మందం సుమారు 40 మైక్రాన్లు. మన తలవెంట్రుక సాధారణంగా అంతకంటే లావు. దీన్ని అరగదీస్తే గుడ్డకు ఏ రంగూ అంటదు. పోయేది కంటికి కనపడదు కాబట్టి పోవడం లేదనుకుంటాం. బండ్లు మారాయి, మన చెయ్యి అంబాసిడరు దగ్గరే ఆగిపోయింది.

ఇక దుమ్ము సంగతి. ఇది మా మండలంవాళ్ళకు, మేళ్ళచెర్వు వైపువాళ్ళకు మరీ ముఖ్యం. మా భూముల అడుగున సున్నపురాయి పొరలున్నాయి. అందుకే 1980ల నుంచీ అక్కడ సిమెంటు తయారవుతోంది. రోడ్డంతా లారీలు, లారీల వెనక దుమ్ము. ఆ దుమ్ములో ఉన్నది ఉత్త మట్టి అయితే కడిగితే పోను. సిమెంటు అంటే 1450 డిగ్రీల దగ్గర కాల్చిన క్లింకరు పొడి. నీళ్ళు తగిలితే గట్టిపడటం దాని స్వభావం. గట్టిపడేటప్పుడు కాల్షియం హైడ్రాక్సైడు పుడుతుంది, పీహెచ్ 12 దాటుతుంది. చలికాలం తెల్లవారుజామున మంచు పడి, పొద్దెక్కాక ఆరితే, బానెట్ మీద జరిగేది చిన్నఎత్తున స్లాబు పోయడమే.

నమ్మనివాళ్ళకు చవకైన ప్రయోగం ఒకటుంది. తెల్లకాగితాన్ని పసుపు నీళ్ళలో ముంచి ఆరబెట్టండి. దాని మీద చిటికెడు సిమెంటు, రెండు చుక్కల నీళ్ళు వేయండి. ఎర్రగా తిరుగుతుంది. దిష్టి తీసే ఎర్రనీళ్ళు మన ఇళ్ళలో పసుపులో సున్నం కలిపి చేసేవే కదా, ఇదీ ఆ క్షారం చేసే పనే. మన ల్యాబులో లిట్మస్ కాగితం కోసం క్యూలో నిలబడే ఫస్టియర్ తమ్ముళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకుంటే మంచిది.

ఆ దుమ్ము మీద పొడిగుడ్డ వేసి తుడిస్తే ఏమవుతుంది? రోడ్డు దుమ్ములో క్వార్ట్జ్ ఇసుక కూడా ఉంటుంది. అది లాకరు కంటే ఎంతో గట్టిది. గుడ్డ కింద దొరికిన ప్రతి రేణువూ ఒక గీత గీస్తుంది. పదిగంటల ఎండలో నల్లబండి బానెట్ మీద సూర్యుడి చుట్టూ సాలెగూడులా కనపడే గీతలు ఇవే. ఆ గీతలు పోవాలని పాలిష్ కొట్టిస్తాం. పొర పలుచనవుతుంది. మర్నాడు మళ్ళీ పొడిగుడ్డ. రోజూ పొద్దున మనమే గీతలు గీసి, నెలాఖరున డబ్బులిచ్చి వాటిని చెరిపించుకుంటున్నాం.

పోయిన దసరా తరువాత అన్నను ఒప్పించి, కారు బానెట్‌ను పేపరు టేపుతో నాలుగు భాగాలు చేశాను. ఒకదానికి మామూలు క్రీము పాలిష్, రెండోదానికి కార్నౌబా గట్టి మైనం, మూడోదానికి సింథటిక్ సీలెంటు, నాలుగోదానికి ఈమధ్య అందరూ చెప్పుకుంటున్న సిరామిక్ స్ప్రే. నాయన చూసి, ‘ఏందిరా, బండికి భాగపంపకాలు చేస్తున్నవా?’ అన్నాడు. కడిగినప్పుడల్లా నీళ్ళు ఎక్కడ బొట్లు కట్టి జారుతున్నాయో, ఎక్కడ చాపలా పరుచుకుంటున్నాయో చూసుకుంటూ పోయాను.

మొదటిరోజు ఎక్కువ మెరిసింది క్రీము పాలిష్ పెట్టిన భాగమే. ఈ మాట దాచను. రెండు కడుగుళ్ళకు అక్కడ నీటిబొట్టు నిలవడం మానేసింది. అందులో రాపిడి పొడి ఉంటుంది, నిగారింపు కోసం కాస్త నూనెలు, సిలికోన్లు ఉంటాయి. నిగారింపు పోతుంది, అరుగుడు మిగులుతుంది.

కార్నౌబా కథ రైతుబిడ్డగా నాకు నచ్చింది. బ్రెజిల్ ఈశాన్యాన ఎండలు మండే ప్రాంతంలో ఒకరకం తాటిజాతి చెట్టు, ఆకుల్లో నీరు ఆవిరి కాకుండా తనకు తాను పూసుకునే మైనం అది. ఆకులు కోసి, ఎండబెట్టి, కొట్టి, ఆ పొడిని రాలుస్తారు. (ఆ ఆకులు కోసే కూలీల చేత బానిసల్లా పనిచేయిస్తుంటే అక్కడి ప్రభుత్వ తనిఖీ అధికారులు విడిపించిన సందర్భాలున్నాయి. మెరుపు వెనక చెమట ఎక్కడైనా ఒకటే.) తేనెతుట్టె మైనం 62–64 డిగ్రీలకు కరుగుతుంది, కార్నౌబా 82–86కు. మే నెలలో అరచేయి ఆనించలేనంత కాలే మన బానెట్లకు ఈ తేడా చిన్నది కాదు. అయితే ఉత్త కార్నౌబా రాయిలా ఉంటుంది, చేత్తో పూయలేం. డబ్బాలో దాన్ని నూనెలు, సాల్వెంట్లు, ఇతర మైనాలతో మెత్తబరుస్తారు. డబ్బా మీద ‘100 శాతం కార్నౌబా’ అని ఉంటే డబ్బా నిండా అదే ఉందని అనుకోకండి. మా బానెట్ మీద అది చలికాలమంతా బాగానే ఉంది, ఎండలు ముదిరేసరికి తగ్గింది.

సీలెంటులో ఉండేవి మనుషులు తయారుచేసిన పాలిమర్లు. కార్నౌబాకు ఉండే ఆ నిండుతనం దీనికి లేదు, కానీ ఎండకు తట్టుకున్నది ఇదే. కిరాయి బండికి నేను సిఫారసు చేసేది కూడా దీన్నే. సిరామిక్ స్ప్రే దాదాపు దీనితో సమానంగా నిలిచింది, ధర ఎక్కువ. దీన్ని అమ్మేవాళ్ళ మాట ఒకటి చెప్పాలి. సిరామిక్ పూతకు ‘9హెచ్ గట్టిదనం’ అంటారు. వినేవాడు వజ్రానికి 10 కాబట్టి ఇది దాని పక్కదే అనుకుంటాడు. ఆ 9హెచ్ పెన్సిళ్ళ కొలత. 9హెచ్ పెన్సిల్‌తో గీస్తే గీత పడలేదని దాని అర్థం. మన రోడ్డు ఇసుక పెన్సిల్ కాదు.

నీటిబొట్టు గురించి కూడా కొంత భ్రమ ఉంది. తామరాకు మీద నీటిబొట్టు అని మనం తరతరాలుగా చెప్పుకుంటున్నదాన్ని 1997లో బార్త్‌లాట్, నైన్‌హుయిస్ అనే జర్మన్ శాస్త్రజ్ఞులు వివరించారు. ఆకు మీద మైనంతోపాటు సన్నటి బుడిపెలు ఉండటం వల్ల బొట్టు దొర్లుతూ దుమ్మును తీసుకుపోతుంది. కారు మైనానికి ఆ బుడిపెలు లేవు. అందుకే మైనం పెట్టిన బండి తనంతట తాను శుభ్రపడదు. పైగా బోరునీళ్ళ బొట్లు బానెట్ మీదే ఎండితే కాల్షియం కార్బొనేటు తెల్లటి ఉంగరాలు మిగులుస్తుంది. మైనం ఇచ్చే లాభమల్లా దుమ్ము గట్టిగా అంటకపోవడం, నీళ్ళకే చాలావరకు ఊడిరావడం. రుద్దుడు తగ్గుతుంది. నాకు కావలసింది అదే.

ఊళ్ళో ట్రాక్టరు డ్రైవర్లు డీజిలు గుడ్డతో తుడుస్తారు. దుక్కి డిస్కులకు, నాగళ్ళకు అది మంచిదే, తుప్పు పట్టదు. కారుకు చేస్తే గంటలో దుమ్మంతా దానికే అంటుకుంటుంది, రబ్బరు బీడింగులు పాడవుతాయి. గిన్నెలు తోమే సబ్బు మైనాన్ని కూడా జిడ్డుతోపాటు లాగేస్తుంది. ఇక బాత్రూము యాసిడు పోసి సిమెంటు మరకలు పోగొట్టేవాళ్ళు నాకు తెలుసు. వాళ్ళకు చేతులెత్తి నమస్కారం.

అన్న వాదన ఇదీ: ‘నువ్వు చెప్పేది మంచిగనే ఉన్నది గాని, పెళ్ళివాళ్ళు వచ్చి చూస్తే బండి మెరవాలె. మెరవకపోతే ఎవడెక్కుతడు?’ ఈ మాటను కొట్టిపారేయలేను. అతని బేరం కళ్ళముందు జరిగేది, నా లెక్క మూడేళ్ళ తరువాత తేలేది. కానీ కొన్న మొదటి రెండేళ్ళు ప్రతి పండుగకూ మిషను పెట్టి బఫింగు చేయించిన మడతల అంచుల దగ్గర, తలుపు పైగీతల దగ్గర లాకరు అప్పుడే మసకబారింది. అది చూపించాక అన్న వాదన కొంత మెత్తబడింది. ఇప్పుడు మా ఇంట్లో పద్ధతి ఇది. పొద్దున్నే నీడలో, ముందు ఉత్తనీళ్ళు ధారగా పోసి దుమ్మంతా జారనివ్వడం. తరువాత రెండు బకెట్లు, ఒకదాంట్లో కారు షాంపూ, ఒకదాంట్లో గుడ్డ జాడించుకునే మంచినీళ్ళు. పైనుంచి కిందికి తుడవడం, వెంటనే ఆరబెట్టడం. సిమెంటు మరక పట్టుకుంటే వెనిగరులో నీళ్ళు బాగా కలిపి, అక్కడికక్కడే పెట్టి, నిమిషంలో కడిగేయడం. మూడునెలలకొకసారి పలుచగా సీలెంటు. పాలిష్ ముట్టుకోవడం ఏదైనా కొమ్మ గీసుకుపోయినప్పుడే, ఆ గీత మేరకే. పెళ్ళి బేరం ఉన్న ముందురోజు కార్నౌబా చేత్తో పెడతాను. పెళ్ళివాళ్ళెవరూ ఇంతవరకు బండి వద్దనలేదు.

మోటారుసైకిలు మిత్రులకు ఒక్క మాట. ఈమధ్య మీరు ఎగబడి కొంటున్న మ్యాట్ రంగు బండ్లకు పైన చెప్పిన పాలిష్, మైనం ఏవీ పెట్టకండి. మచ్చలు మచ్చలుగా మెరుస్తుంది, మళ్ళీ పాత రూపు రాదు. నీళ్ళు, షాంపూ చాలు. మిగతా రంగులవాళ్ళకు నా దగ్గర కార్నౌబా డబ్బా సగానికి పైగా ఉంది, ఒక బండికి బొటనవేలంత చాలు. ఆదివారం ఎండ ఎక్కకముందే హాస్టలు వెనక వేపచెట్టు దాటి గోడనీడకు రండి. చెట్టుకింద వద్దు, జిగురు పడుతుంది. గుడ్డ మాత్రం ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి, ఉతికినది.