మట్టా, మంటా? తేల్చాల్సింది మీరు కాదు

మా పట్టణ పురపాలక కమిషనర్ గారికి,



పోయిన వారం చెరువుకట్ట కింద వైకుంఠధామం గేటుకు మీ సిబ్బంది ఒక బోర్డు బిగించి పోయారు. ఇకమీదట ఆ ఆవరణలో ఎవరినీ పూడ్చకూడదట. అంత్యక్రియలన్నీ గ్యాస్ దహనవాటికలోనే జరగాలట. కాదన్నవాళ్ళ మీద చర్య తీసుకుంటారట. కింద మీ హోదా రాసి ఉంది. తేదీ లేదు, కౌన్సిల్ తీర్మానం నంబరు లేదు, ఏ చట్టం కింద ఇది చేస్తున్నారన్న ముక్క లేదు. అభ్యంతరాలుంటే చెప్పమని ఏ వార్డులోనూ ఎవరినీ అడిగింది లేదు.

బోర్డుతోనే ఆగారా అంటే అదీ లేదు. తూర్పు గోడ వెంట ఉన్న బొందల మీద జేసీబీ నడిచింది. కంపచెట్లు కొట్టి నేల చదును చేస్తున్నామని మీ ఇంజనీరు గారు చెప్పారట. ఆ కంపచెట్ల కింద ఎవరెవరు పడుకుని ఉన్నారో ఆయనకు తెలుసా? ఇంటింటివాళ్ళు గుర్తుకు పాతుకున్న రాళ్ళను పెకిలించి ఒక్కచోట కుప్ప పోశారు. ఏ రాయి ఎవరిదో ఇప్పుడు పెద్దమనుషులు కూడా చెప్పలేకపోతున్నారు. అక్కడ వాకింగ్ ట్రాక్ వస్తుందని ఒకరు, బండ్లు నిలిపే చోటు అని ఒకరు అంటున్నారు. మీరు మాత్రం నోరు విప్పడం లేదు.

దహనానికి నేను వ్యతిరేకిని కాను. నాది కులాంతర వివాహం. నా భార్య పుట్టింటివాళ్ళు కాలుస్తారు. మా మామగారి పాడె మోసినవాణ్ణి, ఆయన కాష్టం పేర్చడంలో చెయ్యి వేసినవాణ్ణి. ఆ నిప్పులో ఆయనకు ఎంత మర్యాద దక్కిందో దగ్గరుండి చూశాను.

మేము జంగాలం. మాలో మనిషి పోతే స్నానం చేయించి, ఒళ్ళంతా విభూతి పెట్టి, పద్మాసనంలో కూర్చోబెడతాం. ఎడమ అరచేతిలో ఆయన బతికినన్నాళ్ళూ పూజించిన ఇష్టలింగం ఉంచుతాం. మారేడు పత్రితో, విభూతితో బొందలో దింపుతాం. మెడలో లింగం పడిననాడే ఆ దేహం శివుడి గుడి అయిందని మా నమ్మకం. గుడికి మేం నిప్పు పెట్టం. మా అమ్మకు ఎనభై ఆరేళ్ళు. మా నాయిన పక్కన తన చోటు ఎప్పుడో చూపించి పెట్టింది. మీ బోర్డు సంగతి ఆమెకు ఇంకా చెప్పలేదు. ఎవరు చెప్పాలి? మీరు వచ్చి చెబుతారా?

ఇది ఒక్క జంగాల గోడని తీసిపారేయకండి. లింగాయతులది మట్టే. మాలవాడలో, మాదిగవాడలో చాలా ఇళ్ళది మట్టే. క్రైస్తవులది మట్టే. ముస్లింలకు కబరస్తాన్ వేరే ఉంది కాబట్టి వాళ్ళ జోలికి మీ బోర్డు పోలేదు. ఇక దహనమే ఆచారమైన ఇళ్ళలో కూడా పళ్ళు రాని పసికందు పోతే కాష్టం పేర్చరు, మట్టిలోనే పడుకోబెడతారు. పురిట్లోనే పోయిన బిడ్డను గుడ్డలో చుట్టుకుని ఆసుపత్రి నుంచి నేరుగా వచ్చే తండ్రి రేపటి నుంచి ఎక్కడికి పోవాలి? ఆ పొయ్యిలో పెట్టమంటారా? బోర్డు రాసేటప్పుడు మీ ఆఫీసులో ఒక్కరికైనా ఈ ప్రశ్న తోచిందా?

హిందువులంటేనే దహనం, ఖననం మధ్యలో వచ్చిందని మీ కింది అధికారి ఒకరు మావాళ్ళతో అన్నారట. ఋగ్వేదం పదో మండలంలో దహనవేళ అగ్నిని వేడుకునే సూక్తం ఉంది, పోయినవాణ్ణి తల్లిలా కప్పుకోమని భూమిని వేడుకునే సూక్తమూ ఉంది. పితరులను అగ్నిదగ్ధులని, అనగ్నిదగ్ధులని రెండు తీర్లుగా తలచుకున్నారు అందులోనే. సన్యాసులను కాల్చరు. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి బృందావనం, కందిమల్లాయపల్లెలో వీరబ్రహ్మంగారి సమాధి జనం దండాలు పెట్టుకునే చోట్లు. అక్కడికి పోయి మొక్కేవాళ్ళే ఇక్కడ మట్టి మన ఆచారం కాదంటే మేమేం చెప్పాలి?

ప్రభుత్వం కూడా ఇన్నాళ్ళూ రెండింటికీ వందనం చేసింది. 2004లో పీవీ నరసింహారావు గారికి హుస్సేన్‌సాగర్ ఒడ్డున చితి పేర్చారు. 2009లో రాజశేఖరరెడ్డి గారిని ఇడుపులపాయలో మట్టిలో ఉంచారు. 2023లో గద్దర్‌ను అల్వాల్‌లో ఆయన పెట్టిన బడి ఆవరణలోనే బౌద్ధ పద్ధతిలో ఖననం చేశారు. ముగ్గురికీ జరిగింది అధికార లాంఛనాలతోనే. అంబేద్కర్ గారికి దాదర్‌లో దహనం జరిగింది, ఆయనను గుండెల్లో పెట్టుకున్న మా ఊరి దళిత పెద్దలు మట్టిలోకి పోయారు. ఎవరూ ఎవరినీ తప్పు పట్టలేదు. పెద్దవాళ్ళ ఇంట్లో అడిగి చేసే పనిని రోజు కూలీ ఇంట్లో అడగకుండా ఎందుకు చేస్తారు?

స్థలం లేదంటారు. ఆ మాట విని విని విసుగొచ్చింది. మా చిన్నప్పుడు ఈ బొందలగడ్డ కట్ట నుంచి కాలువ దాకా ఉండేది. సర్వే కాగితాలు మీ బీరువాలోనే ఉన్నాయి, తీసి చూడండి. రోడ్డుకు కొంత పోయింది, నీళ్ళ ట్యాంకుకు కొంత పోయింది, మార్కెట్ షెడ్లకు కొంత పోయింది. పోయిందంతా పూడ్చేవాళ్ళ వైపు నుంచే పోయింది. గోడలు కట్టుకుని, గేట్లకు తాళాలు వేసుకున్న కులసంఘాల శ్మశానాల్లో జానెడు నేల ఎవరైనా అడిగారా? దిక్కులేనివాళ్ళ నేలను ఏళ్ళ తరబడి కోసుకుంటూ వచ్చి, మిగిలిన ముక్కను చూపించి చాలదంటే ఎట్లా?

అసలు మట్టికి పట్టే చోటెంత? ఆరడుగుల పొడుగు, రెండున్నర అడుగుల వెడల్పు. మావాళ్ళను కూర్చోబెడతాం కాబట్టి అంత కూడా పట్టదు. పెట్టె లేకుండా నూలుబట్టతో పూడ్చిన దేహాన్ని నేల కొన్నేళ్ళలో తనలో కలిపేసుకుంటుంది. తర్వాత అదే చోట ఆ ఇంటివాళ్ళనే మళ్ళీ పెట్టవచ్చు. పేదల బొందలగడ్డలు తరతరాలుగా నడిచింది ఇట్లాగే. చోటు మింగుతున్నవి మార్బుల్ పలకలు పరిచి, గ్రిల్లు పెట్టి కట్టే సిమెంటు సమాధులు. పక్కా కట్టడాలు వద్దని నియమం పెట్టండి, మేం మీ వెంట ఉంటాం. ఇన్నేళ్ళకు అదే చోటు తిరిగి వాడాలనండి, ఒప్పుకుంటాం. ఏ ఇంటివాళ్ళు ఎక్కడున్నారో రాసే రిజిస్టరు పెట్టండి, పేర్లు మేమే దగ్గరుండి చెబుతాం. ఇవేవీ ఆలోచించకుండా ఏకంగా నిషేధమా?

భూగర్భజలం పాడవుతుందన్నది మీవాళ్ళు చెప్పే రెండో కారణం. పట్టించుకోవాల్సిన మాటే. బొంద అడుగు నీటిమట్టానికి పైన ఉండాలి, బావులకూ బోర్లకూ దూరం ఉండాలి. చెరువు అలుగు పోసిన ఏడు ఆ నేలలో నీళ్ళు ఎంత లోతున ఉంటాయో కొలిపించారా? కొలిపిస్తే ఆ కాగితం ఎందుకు బయటపెట్టరు? కట్టెలతో కాలిస్తే ఒక్కో దేహానికి నాలుగైదు క్వింటాళ్ళ కట్టె పోతుంది, పొగ ఊరి మీద పడుతుంది. గ్యాస్‌తో కాలిస్తే ఇంధనం కావాలి, కరెంటు కావాలి. దేని భారం దానికుంది. ఆ లెక్కలన్నీ జనం ముందు పెట్టి మాట్లాడితే వింటాం. లెక్క చెప్పకుండా మట్టిని నేరం చేస్తే ఎట్లా వినేది?

ఆ గ్యాస్ పొయ్యి సంగతి మీకు తెలియనిది కాదు. పోయిన వానాకాలం నడిమధ్యలో కరెంటు పోయి, బ్లోయర్ ఆగిపోయి, ఒక కుటుంబం ఆ షెడ్డులో చీకట్లో ఎట్లా నిలబడ్డదో ఊరంతా చూసింది. జనరేటర్ తెస్తామన్నారు. వచ్చిందా? స్నానాలకు నల్లా పెట్టమని ఎన్నిసార్లు రాశాం? కాటికాపరికి జీతం ఎన్నాళ్ళకోసారి అందుతున్నదో మీకు తెలుసా? దింపుడు కల్లం దగ్గర లైటు పెట్టడానికి మనసు రాని ఆఫీసుకు, బొందల మీదికి జేసీబీ పంపడానికి మాత్రం ఇంత తొందర ఎక్కడి నుంచి వచ్చింది?

చట్టం మాటకు వద్దాం. 74వ రాజ్యాంగ సవరణ తెచ్చిన పన్నెండో షెడ్యూలులో 14వ అంశం చదవండి. మున్సిపాలిటీలకు అప్పగించిన పనుల్లో ఖననాలు, ఖనన స్థలాలు అని ఉంది. దహనాలు, దహన స్థలాలు, విద్యుత్ దహనవాటికలు అని కూడా ఉంది. ఒకటి ఉంచుకుని ఒకటి కొట్టేయమని అందులో లేదు. మనిషికి ఉండే గౌరవం అతని మృతదేహానికీ ఉంటుందని పరమానంద్ కటారా కేసులో 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇతరుల మనసు నొచ్చుకుంటుందని తెలిసి కూడా సమాధుల చోట చొరబడటం భారతీయ న్యాయ సంహిత 301వ సెక్షన్ కింద నేరం. మా పెద్దల మీద నడిచిన ఆ యంత్రానికి ఆ సెక్షన్ వర్తించదా? మా మనసు నొచ్చుకుంటుందని మీకు తెలియదా?

మనకు ఆనుకునే ఉన్న బస్తర్‌లో 2025 జనవరిలో ఏం జరిగిందో చదివే ఉంటారు. ఒక పాస్టర్ జనవరి 7న పోతే, సొంత ఊరి మట్టి ఇవ్వమని ఆయన కొడుకు సుప్రీంకోర్టు దాకా పోవాల్సి వచ్చింది. జనవరి 27 దాకా ఆ దేహం మార్చురీలోనే ఉంది. ఇద్దరు న్యాయమూర్తులు చెరో మాట చెప్పారు. చివరికి ఊరికి ఎంతో దూరంలో ఉన్న క్రైస్తవ శ్మశానంలో పూడ్చాల్సి వచ్చింది. కన్నతండ్రిని సాగనంపడానికి కోర్టు మెట్లెక్కే గతి మా ఊళ్ళో కూడా రావాలా? మా అమ్మ విషయంలో నేను ఏ కోర్టుకు పోవాలి? అన్ని రోజులు ఆమెను ఎక్కడ ఉంచాలి?

ఒక్క సంతకంతో అంత్యక్రియలను మార్చబోయినవాళ్ళు ఇంతకుముందూ ఉన్నారు. 2020 మార్చిలో ముంబై మున్సిపల్ కార్పొరేషన్ కోవిడ్‌తో పోయినవాళ్ళందరినీ దహనమే చేయాలని ఉత్తర్వు ఇచ్చి, అదే రోజు వెనక్కి తీసుకుంది. శ్రీలంక ప్రభుత్వం అట్లా వెనక్కి తగ్గలేదు. 2020లో అలాంటి ఉత్తర్వే ఇచ్చి 2021 ఫిబ్రవరి దాకా పట్టుకుని కూర్చుంది. పుట్టి 20 రోజులైన ఒక ముస్లిం బిడ్డను కూడా తల్లిదండ్రుల మాట వినకుండా కాల్చింది. 2024లో ఆ దేశ ప్రభుత్వం క్షమాపణ చెప్పింది. ఆ క్షమాపణ ఆ తల్లికి ఏం తెచ్చిపెట్టింది? ముంబైలాగా పొద్దు గుంకేలోగా దిద్దుకునే దారి మీకూ ఉండింది. వారం దాటింది.

ఒక మిత్రుడు నాతో అన్నాడు, అందరికీ ఒకే పొయ్యి అయితే కులం పోతుంది కదా, మంచిదే కదా అని. జాషువా పద్యాలు హరిశ్చంద్ర నాటకం కాటిసీనులో విని పెరిగినవాళ్ళం, ఆ సమానత్వం మాకు చేదా? ఊరి పెద్దకులాల శ్మశానంలోకి దళితుల పాడెను రానివ్వని రోజులను ఈ ఊరు చూసింది. ఊరవతల, వాగు పక్కన, ఎవరికీ అక్కరకు రాని నేలను అప్పుడు వాళ్ళకు చూపించారు. వాళ్ళు అక్కడే తాతలను, తల్లులను పెట్టుకున్నారు. పట్టణం పెరిగి ఆ నేలకు ధర వచ్చాక ఇప్పుడు సమానత్వం గుర్తుకొచ్చిందా? పొయ్యి కోరినవాళ్ళకు కులం అడగకుండా పొయ్యి ఇవ్వండి, మట్టి కోరినవాళ్ళకు కులం అడగకుండా మట్టి ఇవ్వండి. మాకు తెలిసిన సమానత్వం అది.

మతం మారినవాడు కాల్చమంటాడు, మారనివాడు పూడ్చమంటాడు. దేవుణ్ణి నమ్మని మనిషి తన దేహాన్ని వైద్య కళాశాలకు ఇవ్వమని రాసిపెట్టుకుంటాడు. అన్నదమ్ములిద్దరిలో ఒకరిది ఒక దారి, ఒకరిది ఇంకో దారి. బతికినన్నాళ్ళూ ఏ విషయంలోనూ తన మాట చెల్లని ఆడమనిషి కూడా పోయేముందు ఒక్కటి అడుగుతుంది, నన్ను ఫలానా చోట పెట్టండిరా అని. ఆ ఒక్క కోరికను మీ ఆఫీసు ఫైలుతో కొట్టేస్తారా? మీ ఇంటి పెద్దల విషయంలో ఎవరైనా ఇట్లా గేటుకు బోర్డు పెడితే మీరు ఊరుకుంటారా?

కోపంలో మాట మీరి ఉంటే ఉండవచ్చు. మీ మీద నాకు సొంత పగ ఏమీ లేదు. మీరు కొత్తగా వచ్చారు, రేపు ఇంకో ఊరు పోతారు. మేం ఇక్కడే బతకాలి, ఇక్కడే పోవాలి. ఆ బోర్డు విషయం ఏదో ఒకటి చేయండి. చెదిరిన రాళ్ళ విషయం ఏదో ఒకటి చేయండి. వాడవాడకూ పెద్దమనుషులు ఉన్నారు, కాటికాపరి ఉన్నాడు, బొందలు తవ్వే పిల్లలు ఉన్నారు. వాళ్ళను కూర్చోబెట్టుకుని మాట్లాడండి, వాళ్ళకు తెలిసినంత మీ ఫైళ్ళకు తెలియదు. అప్పటిదాకా ఎవరింట చావు జరిగినా, ఆ ఇంటివాళ్ళు అడిగింది మట్టి అయితే మట్టి, మంట అయితే మంట దొరికేట్టు చూడండి. ఇందుకు కొత్త నిధులు అక్కర్లేదు, పైనుంచి జీవో రావాల్సిన పని లేదు. మీరు తలచుకుంటే చాలు.

ఇట్లు,
ఈ పట్టణ పౌరుడు,
విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు