‘వేర్’ కనపడితే ప్రశ్నేనా?

మొన్న సంక్రాంతికి యర్రగొండపాలెం వెళ్ళాను. మా అక్క కూతురు అక్కడే ఓ ఇంగ్లీషు మీడియం బళ్ళో నాలుగో క్లాసు. (బడి పేరెందుకు లెండి.) యూనిట్ టెస్టు పేపరు తెచ్చి చూపించింది. వాక్యం చివర సరైన గుర్తు పెట్టమన్న చోట ‘ఐ డోంట్ నో వేర్ హి వెంట్’ అన్నదానికి ఫుల్‌స్టాప్ పెట్టింది. దాన్ని ఎర్ర సిరాతో కొట్టేసి క్వశ్చన్ మార్కు పెట్టారు. అర మార్కు గోవిందా!

"వేర్ ఉంటే క్వశ్చన్ మార్కే అంట మామా. నాకేమో అడిగినట్టు అనిపించలా" అంది.

అనిపించలా! అదీ సంగతి. వేర్ కనపడగానే ప్రశ్నార్థకం తగిలించడం రెగెక్సు పని. వాక్యం అడుగుతోందా, చెబుతోందా అని చూడటం పార్సర్ పని. ఫీజులు కట్టించుకుని మరీ పిల్లల బుర్రలో ఉన్న పార్సర్ పీకేసి రెగెక్సు పెడుతున్నారు.

అసలు వాక్యాల రకాలు పిల్లలకి కొత్తగా నేర్పక్కర్లేదండీ. ‘ఎక్కడికి పోయాడు’ అంటే ప్రశ్న, ‘ఎక్కడికి పోయాడో తెలీదు’ అంటే కాదు. ఆ చివరి ‘ఓ’ చేసే పని బడికి రాకముందే వాళ్ళకి తెలుసు. ‘వచ్చాడు’కి దీర్ఘం తీస్తే ‘వచ్చాడా’, ప్రశ్న అయిపోయింది. ‘అబ్బ, ఎంత ఎండ’ అన్నవాడు డిగ్రీలు అడగట్లేదనీ తెలుసు. 1858లో వచ్చిన చిన్నయ సూరి బాలవ్యాకరణంలో సంజ్ఞ నుంచి ప్రకీర్ణకం దాకా పరిచ్ఛేదాలున్నాయి, ప్రశ్నార్థకానికి మాత్రం ఒక్కటీ లేదు. అక్కర పడలేదు మరి. అడిగే పని మాటే చూసుకునేది.

ఇంగ్లీషులో ఒక్కోసారి ఆ పనంతా గుర్తు మీదే పడుతుంది. ఈ ముక్క నాకెవరూ బళ్ళో చెప్పలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో క్లయింటుకి ‘టెస్టింగ్ ఈజ్ ఓవర్’ అని రాసి ఫుల్‌స్టాప్ పెట్టి పంపాను. నా మనసులో ఉన్నది ‘టెస్టింగ్ అయిపోయిందా’ అని! ఆ ‘దా’ ఇంగ్లీషులోకి రాలేదు, దాని బదులు పెట్టాల్సిన గుర్తూ నేను పెట్టలేదు. వాళ్ళు అయిపోయిందనుకుని ఆ రాత్రే కోడ్‌ని ప్రొడక్షన్‌లోకి తోసేశారు. రెండ్రోజులు ఎవరికీ నిద్రల్లేవు. మీ ఆఫీసు మెయిళ్ళు ఓసారి తిరగెయ్యండి, నాలాంటివాళ్ళు చాలామందే కనపడతారు.

‘ఇంగ్లీషుని ఇంగ్లీషులోనే నేర్పాలి’ అనే మిత్రులతోనే నా పేచీ. హైదరాబాదు అపార్టుమెంటులో మీ పిల్ల తప్పు రాస్తే దిద్దడానికి మీరున్నారు. ఇక్కడ ఎవరున్నారు? ఈ బళ్ళో తెలుగు మాట్లాడితే జరిమానా కూడానట. అంటే పిల్లకి గట్టిగా తెలిసిన ఒక్క వ్యాకరణాన్నీ గేటు బయట విడిచి రమ్మంటున్నారు, చెప్పుల్లాగా.

నేను ఇంగ్లీషు మీడియానికి వ్యతిరేకిని కాను, దాని అన్నమే తింటున్నా. ప్రభుత్వ బళ్ళన్నీ ఇంగ్లీషు మీడియం చెయ్యాలని 2019లో జీవో 81 వచ్చింది, 2020 ఏప్రిల్లో హైకోర్టు కొట్టేసింది. టీవీల్లో ఒకళ్ళు అమ్మభాష అన్నారు, ఇంకొకళ్ళు పేదోడి ఉద్యోగం అన్నారు. ఫుల్‌స్టాప్ ఎలా నేర్పాలో ఒక్కరూ మాట్లాడలేదు! ఆ తర్వాత లెక్కలకీ సైన్సుకీ ఓ పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉన్న పుస్తకాలిచ్చారు. మంచి పని. ఇంగ్లీషు క్లాసులోనూ పది నిమిషాలు అలాగే రెండు భాషల వాక్యాలూ పక్కపక్కన పెడితే కొంపలేం మునుగుతాయి?

ఆ సాయంత్రం అటక మీంచి మార్కాపురం పలక దింపాం. (దేశమంతా ఈ పలకల మీద దిద్దిన రోజులున్నాయి, ఇప్పుడు ప్లాస్టిక్ వచ్చిందనుకోండి.) ముందు తెలుగులో ఎనిమిది వాక్యాలు రాసి గుర్తులు పెట్టమన్నాను, తర్వాత వాటినే ఇంగ్లీషులో. అన్నీ సరిగ్గా పెట్టింది.

మర్నాడు బడికెళ్ళి అడిగాను. పాపం ఆ టీచరమ్మ ఏం చేస్తుంది, "ఆన్సర్ కీలో అట్టనే ఉంది సార్" అంది. అర మార్కు ఇంకా ఇవ్వలేదు.