డబ్బా మీద ప్రాసెసర్ వయసు రాయించండి

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల మంత్రి గారికి,

ఇంజనీరింగ్ కాలేజీలు తెరిచే రోజుల్లో సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి ఒక్కసారి రండి. మేం సీటీసీ అంటాం. జనగామ నుంచి, సిద్దిపేట నుంచి పిల్లల్ని వెంటబెట్టుకొచ్చిన తల్లిదండ్రులు లాప్‌టాప్ కోసం షాపు షాపూ తిరుగుతుంటారు. వాళ్లకు కావలసిన జవాబు ఒకటే: ఇది కొత్తదేనా, నాలుగేళ్ల చదువుకు సరిపోతుందా? ఆ జవాబు డబ్బా మీద ఉండదు. చాలాసార్లు అమ్మేవాళ్లకూ తెలియదు.

తెలియకపోవడం వాళ్ల తప్పు కాదు. ఏఎండీ కంపెనీ రైజెన్ 5లో 7520యూ, 7530యూ, 7540యూ అని మూడు ప్రాసెసర్లున్నాయి. మొదటిదాని లోపల ఉన్నది 2019లో వచ్చిన జెన్ 2 డిజైన్, పని చేసే భాగాలైన కోర్లు నాలుగే. రెండోది జెన్ 3, మూడోది జెన్ 4. ఈ రెండింటికీ ఆరేసి కోర్లు. ముందున్న 7 అంకె మాత్రం మూడింటినీ 2023 మోడల్ అనే చెబుతుంది. డిజైన్ ఏ తరానిదన్న అసలు సంగతి మూడో అంకెలో ఉంది. ఈ లెక్కను కంపెనీ 2022లోనే బయటపెట్టిన మాట నిజం. కానీ లాప్‌టాప్ కొనడానికొచ్చిన రైతు దాన్ని చదువుకుని రావాలా?

పోటీ కంపెనీ ఇంటెల్ 2023 డిసెంబరులో ఈ పేర్లనే తప్పుపడుతూ ఒక పత్రం విడుదల చేసి, ఆనక తీసేసింది. మరుసటి నెలలో తానే అంతకుముందు తరం డిజైన్‌కి కోర్ 7 150యూ అని కొత్త పేరు పెట్టి తెచ్చింది. కోర్ అల్ట్రా 7 155యూ పూర్తిగా వేరే డిజైన్. షాపులో హడావిడిగా చూసేవాళ్లకు రెండూ ఒకటే. అంతకుముందున్న పేర్లూ ఇంతే: ఐ7-1355యూలో వేగమైన పెద్ద కోర్లు రెండే, ఐ5-13500హెచ్‌లో నాలుగు. ఐ7 ఎప్పుడూ ఐ5 కంటే మేలని నమ్మి అప్పు చేసి మరీ కొంటున్నారు జనం.

పాత డిజైన్ అమ్మకూడదని నేననను. రాసుకోవడానికీ, పాఠాలు చూడటానికీ అది చాలు. తక్కువ ధరకు దొరికితే పేద విద్యార్థికి మేలే. పాతదని తెలిసి కొనాలి, అంతే.

2019 వినియోగదారుల రక్షణ చట్టం సరుకు నాణ్యత, సామర్థ్యం, ప్రమాణం, ధర తెలుసుకునే హక్కు మాకిచ్చింది. 2011 ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనల వల్ల డబ్బా మీద తయారీ నెల, సంవత్సరం ఉంటున్నాయి. కానీ అది లాప్‌టాప్ తయారైన తేదీ. లోపలి చిప్ డిజైన్ ఎప్పటిదో అది చెప్పదు, పైగా దాన్ని చూసే అంతా కొత్తదనుకుంటున్నారు.

దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. 2023 నవంబరులో డార్క్ ప్యాటర్న్‌ల (ఆన్‌లైన్‌లో కొనేవాళ్లను తప్పుదారి పట్టించే ఎత్తుగడల) మీద మార్గదర్శకాలిచ్చిన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మీ శాఖలోదే. ప్రతి డబ్బా మీదా, ప్రకటనలోనూ, ఆన్‌లైన్ అమ్మకం పేజీలోనూ ప్రాసెసర్ పూర్తి పేరు, ఆ డిజైన్ మొదట మార్కెట్లోకి వచ్చిన సంవత్సరం, కోర్ల సంఖ్య స్పష్టంగా రాయాలని ఆ సంస్థ చేత ఆదేశం ఇప్పించండి. మా దగ్గర అమ్మేవాటి మీద తెలుగులోనూ రాయించండి. వచ్చే ఏడాది అడ్మిషన్లలోగా ఈ పని పూర్తి చేయమని కోరుతున్నాను.

ఇట్లు,
సికింద్రాబాద్ వినియోగదారు