భయపడటం తప్పు కాదు, లెక్క చూడకపోవడమే తప్పు

భయమంటే తెలియనివాడే ధీరుడని మనలో చాలామంది అనుకుంటారు. ఇది శాస్త్రానికి నిలిచే మాట కాదని నా అభిప్రాయం. ఎందుకో మన పిల్లల ఉదాహరణతోనే చూద్దాం.

2014 మే 25న, అంటే తెలంగాణ ఏర్పడటానికి సరిగ్గా 8 రోజుల ముందు, మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్టు శిఖరం ఎక్కారు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల విద్యార్థులే. పూర్ణది నిజామాబాదు జిల్లా పాకాల గ్రామం, ఆనంద్‌ది ఖమ్మం జిల్లా. అప్పటికి పూర్ణ వయస్సు 13 సంవత్సరాల 11 నెలలు. అంత చిన్న వయస్సులో ఆ శిఖరం ఎక్కిన బాలిక అంతకుముందు లేదు.

మరి పూర్ణకు భయం వేయలేదా? వేసింది! శిక్షణకు వెళ్ళి భువనగిరి ఏకశిలను తొలిసారి చూసినప్పుడు భయపడ్డానని ఆమే చెప్పింది. అలా భయపడటంలో వింత లేదు. ప్రమాదం కనబడగానే మూత్రపిండాల పైనున్న అధివృక్క గ్రంథులు ఎడ్రినలిన్‌ను రక్తంలోకి వదులుతాయి. గుండె వేగంగా కొట్టుకుంటుంది, కండరాలకు రక్తం ఎక్కువగా చేరుతుంది. కాళ్ళు వణకడం పిరికితనానికి గుర్తు కాదు. శరీరం సిద్ధమవుతోందన్న మాట.

ఆ భయాన్ని శిక్షకుడు శేఖర్‌బాబు ఎగతాళి చేసి పోగొట్టలేదు. మెట్లు మెట్లుగా నేర్పారు. ముందు భువనగిరి కొండ, తరువాత డార్జిలింగ్‌లోని పర్వతారోహణ సంస్థ, ఆ పైన చలికాలపు లడఖ్. మంచు ముఖం చూడని పిల్లలు మంచుమీద నడవడం అక్కడ నేర్చుకున్నారు.

ప్రతి మెట్టులోనూ మీ పాఠ్యపుస్తకంలోని శాస్త్రమే ఉంది. క్రికెట్ బంతిని పట్టేటప్పుడు చేతులు వెనక్కి లాగుతారు కదా? పర్వతారోహకుల తాడు కూడా కొంచెం సాగుతుంది. పడేవాడు ఆగడానికి పట్టే కాలం పెరిగి, శరీరంపై పడే బలం తగ్గుతుంది. చలిలో చర్మపు రక్తనాళాలు ముడుచుకుని వేళ్ళకు రక్తం తగ్గుతుంది, వేళ్ళు గడ్డకట్టే ప్రమాదం అందుకే. ఒక మందపు చొక్కా కంటే పొరలు పొరలుగా తొడిగిన దుస్తులు మేలు, ఎందుకంటే పొరల మధ్య చిక్కిన గాలి వేడిని పోనివ్వదు. మన గొంగడి చేసే పనీ అదే. ఇక 8,848 మీటర్ల ఎత్తున వాయుపీడనం సముద్రమట్టంలో ఉన్న దానిలో మూడో వంతు మాత్రమే. అందుచేత ప్రాణవాయువు సిలిండర్లు మోసుకెళతారు.

"ఇంత ప్రమాదం పిల్లలకెందుకు?" అని తల్లిదండ్రులు అడగవచ్చు. ఆ ప్రశ్న న్యాయమైనదే. అదే 2014 ఏప్రిల్ 18న ఎవరెస్టు నేపాల్ వైపున మంచుచరియ విరిగిపడి 16 మంది చనిపోయారు. వారందరూ కొండలు బాగా ఎరిగిన నేపాలీలే. కాబట్టి అందరూ ఎవరెస్టుకు వెళ్ళాలని నేననను. కాని పిల్లలు సాహసం ఎలాగూ చేస్తారు. తాడు లేకుండా, నేర్పేవారు లేకుండా క్వారీ గుంటల్లో దూకడం సాహసం కాదా? దాన్ని మనం చూసీ చూడనట్లు వదిలేస్తున్నాం. తాడు కట్టి నేర్పే సాహసానికి మాత్రం అనుమతి ఇవ్వం!

మా గడ్డపోతారంలో ఈ సంగతి మరీ ముఖ్యం. చుట్టూ మందుల ఫ్యాక్టరీలు. ఇక్కడి పిల్లల్లో చాలామంది రేపు వాటిలోనే పనిచేస్తారు. పరిశ్రమల్లో మూసిన ట్యాంకులోకి దిగినవాడు పడిపోతే, కాపాడబోయి రెండోవాడూ మాస్కు లేకుండా దిగి పడిపోవడం కొత్త కాదు. ఊపిరాడని బాధ ముఖ్యంగా బొగ్గుపులుసు వాయువు పెరిగితే కలుగుతుంది. ఒక్క ప్రాణవాయువు మాత్రమే తగ్గితే శరీరం గట్టిగా హెచ్చరించదు. అంటే భయం వేయకుండానే ప్రాణం పోవచ్చు! అక్కడ "నాకేం భయం లేదు" అనే మాట పనికిరాదు. వాయువును కొలిచే సాధనం, గాలి అందించే పరికరం, పైన తాడు పట్టుకున్న మనిషి కావాలి. పర్వతారోహకుడు నేర్చుకునేదీ ఇదే కదా! ముడిని రెండోసారి చూడాలి, పక్కవాడి ముడినీ చూడాలి, వాతావరణం బాగాలేకపోతే వెనుదిరగాలి.

అందుకే ప్రతి ఉన్నత పాఠశాలలోనూ ఏడాదికి కొన్ని రోజులైనా, అర్హతగల శిక్షకుల దగ్గర, బాలబాలికలిద్దరికీ కొండ ఎక్కడం నేర్పాలని నా కోరిక. మన తెలంగాణలో బండరాళ్ళకు కొదవ లేదు.

విద్యార్థులారా! ఎవరైనా మిమ్మల్ని "భయపడుతున్నావా?" అని రెచ్చగొడితే సిగ్గుపడకండి. "అవును, అందుకే తాడు చూస్తున్నాను" అనండి. పూర్ణ, ఆనంద్ క్షేమంగా తిరిగి వచ్చారని మరచిపోకండి. శిఖరం ఎక్కడం సగం పనే, మిగతా సగం దిగి రావడం.